నాన్న పాడని పాటలు

"నేనిది చదవలేనన్నయ్యా..." అంటూ ఆమె కాగితం బల్ల మీద పెట్టేసింది.

ఇంకో గంటలో చర్చిలో నాన్న జ్ఞాపకార్థ కూడిక. ఆయన జీవితం గురించి ఒక్కగానొక్క కూతురే చదవాలని ఇంట్లో అందరూ తీర్మానించేశారు.

"ఇప్పుడా చెప్పేది? అందులో తప్పేముంది?" అన్నాడు, అది రాసిచ్చిన అన్నయ్య.

తప్పల్లా ఒక్క వాక్యంలో ఉంది. 'పాటల వేళ కూడా పెదవి విప్పక, మౌనంగా దేవుణ్ణి స్తుతించిన భక్తుడు.' ఎంత మాట! ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో లేత్ మిషన్ల హోరులో చెవులు పోగొట్టుకున్న మనిషి ఆయన. తన గొంతు తనకే వినబడక, చర్చి కప్పు ఎగిరిపోయేలా పాడేవాడు. శ్రుతీ లేదు, తాళమూ లేదు... ఆనందం మాత్రం చెప్పనలవి కాదు. పదకొండేళ్ల కిందట, అత్తవారు మొదటిసారి ఆ చర్చికి వచ్చిన ఆదివారం, ఆమే ఆయన చెవి దగ్గర వంగి, "నాన్నా, ఈ ఒక్కరోజూ పాడకు... పరువు పోతుంది" అంది. ఆ రోజుతో ఆయన పాడటమే మానేశాడు. మళ్లీ పాడమని చెప్పడానికి ఈ మహాతల్లికి పదకొండేళ్లూ తీరిక దొరకలేదు!

గుమ్మంలో నిలబడి అమ్మ ఆమెనే చూస్తోంది.

"నాన్న పాట ఎందుకు మానేశాడో నీకు తెలుసా అమ్మా?"

"తెలుసు. పిల్ల బాధపడుతుంది, దాన్నేమీ అడగొద్దన్నారు."

ఆమె కుప్పకూలి వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ ఓదార్చలేదు. "ఏడిస్తే ఏడువు. ఆయన గురించి అబద్ధం మాత్రం చదవకు" అంది.

చర్చిలో ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగిపోయింది. "మా నాన్న మౌనం భక్తి కాదు. నేనే సిగ్గుపడి ఆయన నోరు మూయించాను..." అంది. అన్నయ్య తల దించుకున్నాడు.

పియానో ముందున్న ముసలాయన మెల్లగా లేచాడు. నాన్నకు చిన్ననాటి స్నేహితుడు. "నా వల్లనుకున్నానమ్మా... 'నీ పాటతో వేగలేక చస్తున్నాన్రా' అని ఆ ముందు వారమే వాడితో వేళాకోళమాడాను. అందుకే మానేశాడనుకున్నా. మొహం చెల్లక, ఆరాధన అవగానే వెనక తలుపులోంచి వెళ్లిపోయేవాణ్ని."

పాట ఒక్కటే కాదు, నాన్నకున్న ఒక్క స్నేహితుణ్ణీ తనే దూరం చేసింది. అయినా చెప్పక తప్పదు.

"ప్రతి ఆదివారం ముందు మెట్ల మీద మీ కోసమే నిలబడేవాడు బాబాయ్. 'ఉండమ్మా, వాణ్ణి రానీ' అనేవాడు... 'ఎండగా ఉంది పద' అని నేనే చెయ్యి పట్టుకుని లాక్కుపోయేదాన్ని."