గాలి దూరని క్యాన్

"రెండు క్యాన్లున్నాయి," అన్నాడు చీఫ్ గొంతు తగ్గించి. "ఒకదాంట్లో మీ అక్క పెంచిన బాక్టీరియా. ఇంకోదాంట్లో విదేశీ ముఠా నింపిన విషం. ఏది ఏదో తెలీదు."

ఏజెంట్ మిడత ఎగిరిపడ్డాడు.

రిఫైనరీ వెనక నేలంతా ఏళ్లుగా ఇంకిన డీజిల్. అందులోనే పడి, ఆ డీజిల్‌నే తిని బతకడం నేర్చుకున్న బాక్టీరియాను అక్క వెతికి పట్టుకుంది. నేల శుభ్రపడాలని ఈ రోజు దాన్ని కాలనీ బోరు పక్కన పంపుతో నేలలోకి ఎక్కించాలి. అక్క పిల్లలు తాగేది ఆ బోరు నీళ్లే. జనం చస్తే నింద బాక్టీరియా మీదికి, నేల శుభ్రం చేసే ఆర్డర్లు ముఠా అమ్మే కెమికల్‌కి.

"పంపు ఆపించేద్దాం సార్!"

"ఆపితే పంపుహౌస్‌లో దూరిన ముఠా మనుషులు రెండూ తగలబెట్టి పారిపోతారు. మీ అక్క దగ్గర ఇంకో చుక్క లేదు. లోపల మన డబుల్ ఏజెంట్ మెరుపు ఉంది, ఆవిడ చూపిస్తుంది. వెళ్లు."

మెకానిక్ వేషంలో మిడత పంపుహౌస్‌లో అడుగు పెట్టాడు. విషాన్ని పసిగట్టే కళ్లజోడు డీజిల్ వాసనకే ఎర్రలైటు వేసి చేతులెత్తేసింది. చెమటకు స్పానర్ జారిపోతోంది.

నల్లకళ్లద్దాల సుందరి దగ్గరకొచ్చింది. "ఆకలేస్తోందా?"

"ఎప్పుడూ వేస్తూనే ఉంటుంది."

కోడ్ సరిపోయింది.

"ఎడమది మనది. నిన్నట్నుంచీ గాలి కూడా దూరకుండా నేనే సీల్ వేసి ఉంచా," అంది మెరుపు.

కుడిదాని మూతికి ఉత్త దూది కుక్కి ఉంది. ఆపరేటర్ ఎడమ క్యాన్ సీల్ కోసి, పైపు దించి, స్విచ్ మీద వేలు పెట్టాడు.

హమ్మయ్య అనుకోబోయిన మిడత ఆగిపోయాడు. గాలి దూరకుండానా? ల్యాబ్‌లో సీసా మూత బిగించినందుకు అక్క తలంటు పోయలేదూ! "ఒరేయ్, డీజిల్ తినాలంటే వాటికి గాలి కావాల్రా! ఊపిరాడక చస్తాయి!" అంటే గాలాడే దూది మూత క్యానే అక్కది.

"ఆపండి!" అరుపు పీలగా వచ్చింది. దూకి పైపు పీకేశాడు. అదే క్షణంలో పంపు మోగింది. పైపు ఉత్త గాలి పీల్చింది. మెరుపు తుపాకీ తీసింది గానీ, మిడత విసిరిన స్పానర్ ముందే ఆమె మణికట్టుకు తగిలింది. బయట కాపు కాసిన చీఫ్ మనుషులు లోపలికి దూసుకొచ్చారు.

వాళ్ల వెనకే పరుగున వచ్చిన అక్క, గోడకు చేరగిలబడ్డ తమ్ముణ్ని దాటుకుని వెళ్లి, దూది పెట్టిన క్యాన్ ముందు కూలబడింది.

"అయ్యో, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు పాపం!"

మిడతా తినలేదు. కానీ అతను బాక్టీరియా కాదు కదా.