కుడిపక్కవాడికి పాలు

"సాయంత్రం నమాజులోపే కాల్చేస్తారు," అన్నాడు బ్రిగేడియర్ యాసీన్. "ఎల్ గరస్ బావి దగ్గర ముప్ఫైమంది శత్రు సైనికులు. తుపాకులు పడేసి, చేతులెత్తి లొంగిపోయినవాళ్లు. వెనకుండి నడిపిస్తున్నది డెల్మార్ అనే విదేశీయుడి ఆయుధాల ముఠా. కాల్చడాన్ని ఫిల్మ్ తీయిస్తున్నారు. ఆ ఫిల్మ్ బయటికొచ్చిందా, రేపటి సంధి అటకెక్కినట్టే."

"కాల్చేదెవరు సార్?" అడిగాడు ఏజెంట్ గూలేద్.

"కెప్టెన్ హిర్సీ."

"మనవాడే!"

"మనవాడే. మొన్న వాళ్ల షెల్లింగ్‌లో తమ్ముడు పోయాడు. డెల్మార్ మనుషులు ఆ మంటకి గాలి ఊదారు."

"అయితే హిర్సీనే అరెస్ట్ చేయించండి సార్."

"పైనుంచి ఆర్డర్ రాలేదు. మనకప్పజెప్పింది విదేశీ ముఠా వరకే."

గూలేద్‌కి ఒళ్లు మండింది. టేబుల్ మీద పెన్నులా కనిపించే పిస్టల్, బూటు మడమలో ఇమిడే ట్రాన్స్‌మిటర్ పెట్టారు. ఆ పిస్టల్‌తో ఎవరిని కాల్చాలి, మనవాడినా?

"పనైతే కోడ్: ఒంటె ఈనింది. బయల్దేరు," అన్నాడు బ్రిగేడియర్.

గోరింటాకు పెట్టిన గడ్డంతో, రెండు ఒంటెలతో, ముసలి పాలవాడి వేషంలో గూలేద్ బావి చేరేసరికి ఖైదీలను వరసగా నిలబెట్టేశారు. ముందుకు కట్టిన చేతులు, పగిలిన పెదాలు. ఎదురుగా తుపాకులతో హిర్సీ జవాన్లు. ఒక పక్కన నల్ల కళ్లద్దాలతో ఉబహ్. డెల్మార్ దృష్టిలో అతని ఫోటోగ్రాఫర్. నిజానికి మన మనిషి. కెమెరా ఆ కళ్లద్దాల్లోనే ఉంది.

"బలగాన్ని పిలిచావా?" పాలు అడుగుతున్నట్టు వంగి గొణిగింది.

"ట్రాన్స్‌మిటర్ చచ్చింది. దిక్కుమాలిన సరుకు."

"మరెలా?"

"పాలున్నాయిగా."

గూలేద్ బావిగట్టు మీద కూర్చున్న హిర్సీ దగ్గరికెళ్లాడు. "లొంగినవాణ్ణి చంపడం మగతనమా బిడ్డా?"

"నీకేం తెలుసు తాతా!" హిర్సీ కళ్లు ఎర్రబడ్డాయి. "నా తమ్ముణ్ణి ముక్కలు ముక్కలుగా ఏరుకున్నాం. చేతులెత్తే టైమిచ్చారా వాడికి?"

గూలేద్‌కి శత్రువుని ఆపడానికి ఏళ్లపాటు ట్రైనింగిచ్చారు కానీ, ఏడుస్తున్న మనవాణ్ణి ఎలా ఆపాలో ఒక్కరూ చెప్పలేదు.

"సరే, నీ ఇష్టం. గొంతు తడుపుకుని కానివ్వు," అంటూ పాలు పోసిచ్చాడు. తర్వాత వరస చివరనున్న ఖైదీని రెక్క పట్టి లాగాడు. "ఈ బక్కోడు నా ఒంటె తాడు తొక్కుతున్నాడు. ఇటు కూర్చోరా!"

ఖైదీని హిర్సీకి కుడిపక్కన, వరసకి ఆనుకునేలా కూలేశాడు.

హిర్సీ బిస్మిల్లా అని చెక్కగిన్నె ఎత్తాడు. చూపంతా తుపాకుల మీదే. తాగాడు, మీసం తుడుచుకున్నాడు, చిన్నప్పటినుంచీ చేసినట్టే పక్కకి చూడకుండా గిన్నె కుడివైపుకి చాచాడు. ఖైదీ కట్టిన చేతులతోనే అందుకుని గటగటా తాగాడు. వాడి ఇంట్లోనూ అదే అలవాటు కాబోలు, మిగిలింది తన కుడిపక్కవాడికి అందించాడు. గిన్నె వరస వెంట సాగిపోయింది. గూలేద్ వెనకే నడుస్తూ ఖాళీ అయినప్పుడల్లా నింపాడు.

హిర్సీ లేచి చెయ్యెత్తాడు. "ఫైర్!"

ఒక్క తుపాకీ లేవలేదు.

"మీ చేత్తో పాలిచ్చారు సార్," అన్నాడు ముసలి హవల్దార్. "వాళ్లిప్పుడు మీ శరణులో ఉన్నారు. కాలిస్తే మన ఏడు తరాలూ తలెత్తుకోలేవు."

హిర్సీ వరస చివరికి చేరిన గిన్నె వైపు, ఖైదీల వైపు చూశాడు. సొంత పిస్టల్ తీశాడు. బక్కోడి గడ్డానికి ఇంకా పాలు అంటుకునే ఉన్నాయి. పిస్టల్ కిందికి దిగింది.

"నా తమ్ముడికి ఎవడిచ్చాడ్రా పాలు?" అంటూ ఇసుకలో కూలబడి భోరుమన్నాడు. గూలేద్ పక్కన కూర్చుని భుజమ్మీద చెయ్యేశాడు. అంతకుమించి చేయగలిగింది లేదు.

ఉబహ్ కళ్లద్దాలు అంతా తీశాయి. డెల్మార్ ఆ ఫిల్మ్ కడిగితే కనిపించేది పాలే.

క్యాంపు రేడియోలో గూలేద్ గొంతు విసుగ్గా పలికింది. "ఒంటె ఈనింది."

"శభాష్! దూడలు క్షేమమా?"

"క్షేమమే సార్. కానీ శరణిచ్చినవాడే రాత్రికి అన్నం కూడా పెట్టాలట. కెప్టెన్ నన్ను తిట్టని తిట్టు లేదు, ఏడుస్తూనే బియ్యం కడుగుతున్నాడు."