అమెరికా మొదలాళి వేషం

"పెళ్ళిలో బాజా వాయించేదానికి వచ్చినావా మేస్త్రీ?"

మారీశ్వరి నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. 1996. కోవిల్‌పట్టి యూనియన్ ఆఫీసులో నాటకం రిహార్సల్. నా ఒంటిమీద కోటు విరుదునగర్ బ్యాండుసెట్టు వాళ్ళది. బంగారు గుండీలు.

"అమెరికా మొదలాళులు ఇట్లనే ఉంటారు," అన్నాను.

"అవునవును, నువ్వు చూసొచ్చినావు గదా."

మొదలాళి అంటే మా పక్క యజమాని. కాలేజీ ఆనందరాజ్ సార్ ఒక అమెరికా నాటకాన్ని అరవంలో రాసి, మే దినానికి అగ్గిపెట్టె ఫ్యాక్టరీవాళ్ళతోనే ఆడిస్తున్నాడు. అందులో ఒక ముసలి కార్మికుడు. ఒళ్ళు వంచితే తనూ ఒకరోజు మొదలాళి అవుతానని నమ్ముతాడు. చివరికి మొదలాళి అతన్ని పొమ్మంటాడు. ఆ మొదలాళి వేషం నాది.

నేను మూడో క్లాసుతో బడి మానినవాణ్ణి. మారీశ్వరి పుస్తకం చూసి చెప్తే విని నేర్చుకునేది. చెప్పేది అరవంలో, ఎగతాళి చేసేది మా ఇంటి తెలుగులో.

"గట్టిగా చెప్పు. 'నీకు వయసైపోయింది. రేపటినుంచి రావద్దు.'"

అక్కడికొచ్చేసరికి నేను గొణిగేవాణ్ణి.

"ఇంత మెత్తనోడికి మొదలాళి వేషం ఎవరిచ్చిరి?" అని నవ్వేది. ఆ నవ్వు బాగుండేది. నాకు తలెత్తబుద్ధి అయ్యేది కాదు.

ఎందుకంటే ఆ మాట నేను నిజంగానే వాళ్ళ నాయనకు చెప్పినాను. పేచ్చిముత్తు మామ నేను మేస్త్రీగా ఉన్న ఫ్యాక్టరీలో అగ్గిపుల్లల మందు కలిపేవాడు. దగ్గు పట్టి పని తగ్గింది. "మొదలాళి ఆర్డరు మామా," అని గేటు దగ్గరే తిప్పి పంపినాను. ఆర్డరు లేదు. కొత్త యూనిట్‌లో నాకు భాగమిస్తానని మొదలాళి ఆశ పెట్టినాడు. ఆయన మెప్పుకోసం మామను నేనే తీసేసినాను.

ఒకరోజు వాన. కిటికీ మూస్తా మారీశ్వరి అనింది, "నాయనకు నీమీద కోపం లేదంట. పైవాడు చెప్పింది చెప్పినాడు, పాపం అంటాడు. నిన్ను ఇంటికి రమ్మన్నాడు. ఎందుకో తెలుసా?"

తెలుసు. పెళ్ళిమాటకు. నేను తల వంచుకొని కోటు గుండీలు లెక్కపెట్టినాను.

"ఇష్టం లేకుంటే లేదని చెప్పొచ్చు," అని ముఖం తిప్పుకునింది.

మే దినం సాయంత్రం మామ ముందు వరసలో, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు. ముసలివాడి వేషంలో ఇసక్కిముత్తు నా ఎదుట నిలబడ్డాడు. తెర వెనకనుంచి మారీశ్వరి నా మాట రెండుసార్లు అందించింది.

నేను ముందు వరసవైపు తిరిగి తెలుగులో అన్నాను. "మామా, ఆర్డరు ఎవరూ ఇయ్యలేదు. నేనే చేస్తిని."

అరవవాళ్ళు ఇదీ నాటకమే అనుకొని చప్పట్లు కొట్టిరి. మామ నోటికి అడ్డమున్న తువ్వాలు దించినాడు.

తెర వెనకనుంచి మారీశ్వరి గొంతు, తెలుగులోనే. "అది పుస్తకంలో లేదు. ఇంటికొచ్చి చెప్పు."

తెల్లారి పోయినాను. అంతా చెప్పినాను.

"దగ్గు నీవల్ల రాలేదు," అన్నాడు మామ. "కూడు నీవల్ల పోయింది. అది మరవను. పిల్ల సంగతి పిల్లనే అడుగు."

మారీశ్వరి వాకిట్లో నిలబడింది. నన్ను చేసుకుంటావా అని నోట్లోనే అడిగినాను.

"నిన్న ఊరంతా వినేట్టు చెప్పినోడివి, ఇప్పుడేంది గొంతు పోయిందా?"

మళ్ళీ అడిగినాను. పక్కింటి బొమ్మక్క తొంగి చూసింది. మారీశ్వరి "ఊఁ" అనింది.

మామ మళ్ళీ నాతో మాట్లాడింది పెళ్ళిపీటల మీదనే.

"తల ఎత్తు అల్లుడా," అన్నాడు. "అందరూ చూస్తుండారు."