గోడౌను ప్రింటరు

"ఏమండీ కంప్యూటరమ్మగారూ! బయట లారీలు బారులు తీరాయి. మీ మిషను నా గేట్ పాసుల్ని మింగేసిందా ఏంటి?"

రెబ్కా తలెత్తింది. గుమ్మంలో నిలబడ్డ మనిషి చొక్కా నిండా మిరప దుమ్ము, కళ్ళేమో పండుమిరపకాయలు. గోడౌను గుమాస్తా సంజీవరావు.

ఎనభై ఎనిమిది వేసవి. కనిగిరి నుంచి వచ్చి, గుంటూరులో కంప్యూటర్ కోర్సు చేసి, ఈ మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో రెబ్కా ఉద్యోగంలో చేరి వారం కాలేదు.

"మింగలేదండీ. క్యూలో ఉన్నాయి."

"క్యూ ఏంటండీ? ఇదేమన్నా కిరసనాయిలా?"

"అందరికీ ఒకటే ప్రింటరు. ముందు పంపినవాళ్ళది ముందొస్తుంది. మీకంటే ముందు ఓనరుగారి లెక్కలున్నాయి."

"అవి అయ్యేసరికి నా డ్రైవర్లు ముసలాళ్ళైపోతారు!" అంటూ గట్టిగా తుమ్మాడు. ఆ దుమ్ముకి రెబ్కా కూడా తుమ్మింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఇద్దరూ బింకంగా ఆపుకున్నారు.

పోట్లాట మాట ఎలా ఉన్నా, అతను చెప్పింది న్యాయమే. రెబ్కా గోడౌనుదాకా కేబుల్ లాగించింది. అక్కడో ప్రింటరు పెట్టించి, గేట్ పాసులకు వేరే క్యూ ఏర్పాటు చేసింది. మొదటి పాసు కరకరమంటూ బయటికి రాగానే డ్రైవర్లు ఈలలు వేశారు.

మర్నాటి నుంచి తంటా మొదలైంది.

"మేడం, కాగితం ఇరుక్కుందండీ." రోజూ సాయంత్రం ఫోను.

రెబ్కా వెళ్ళేది. అప్పటికే కుర్చీ తుడిచి ఉండేది. టీ వచ్చేది. కాగితం అంచుల్లోని చిల్లుల్ని మళ్ళీ ప్రింటరు పళ్ళకు తగిలిస్తుంటే, సంజీవరావు కనిగిరి కొండ గురించి, ఆమె నాన్న జక్రయ్య మాస్టారి గురించి అడుగుతుండేవాడు. ఫోను కాస్త ఆలస్యమైతే ఆమె గడియారం వైపు చూడసాగింది. ఎందుకు చూస్తున్నానా అని తనమీద తనకే చిరాకేసేది.

ఓ సాయంత్రం ఓనరు యలమందయ్యగారు ఆమె బల్ల ముందుకొచ్చి నిలబడ్డారు.

"చూడమ్మాయ్, రోజూ ఆ ప్రింటరు ఆగిపోతోందంట. ఇంకొక్కసారి ఆగిందంటే కంప్యూటరుతో సహా వెనక్కి పంపేస్తా. అదే లేకపోతే నీకిక్కడ పనేం ఉంటుంది?"

అప్పుడే ఫోను మోగింది. "మేడం, ఇరుక్కుందండీ."

రెబ్కా కంగారుగా స్క్రీను చూసింది. గోడౌను క్యూ ఖాళీగా ఉంది. ఈ పూట ఒక్క పాసు కూడా ప్రింటుకి రాలేదు! మరి కాగితం ఎలా ఇరుక్కుంది?

విసవిసా గోడౌనుకి నడిచింది. వెనకే యలమందయ్యగారు.

"ఏం ప్రింటు చేస్తుంటే ఇరుక్కుందండీ?"

సంజీవరావు నసిగాడు. "అదీ... గేట్ పాసు..."

"ఇంకేం చూస్తావమ్మాయ్," అన్నారు యలమందయ్యగారు. "మిషను సర్దెయ్. నీ సామాను కూడా సర్దుకో."

సంజీవరావు ప్రింటరుకి అడ్డం నిలబడ్డాడు. "అయ్యో, వద్దండీ! మిషను తప్పేం లేదు. రోజూ నేనే కాగితం లాగేస్తున్నా."

"నీకేం పొయ్యేకాలంరా?"

"లాగకపోతే... ఆవిడ రారు కదండీ."

హమాలీలు మోస్తున్న మిరప బస్తాల్ని కింద పడేసి మరీ నవ్వారు. యలమందయ్యగారు తిట్టబోయి నోరు తెరిచి, గట్టిగా తుమ్మి, వెళ్ళిపోయారు.

రెబ్కా మాత్రం నవ్వలేదు. "మీకిది సరదా. మా ఊళ్ళో నన్ను చూసి ఇంకో నలుగురు ఆడపిల్లలు ఈ కోర్సులో చేరదామనుకుంటున్నారు. నా ఉద్యోగం ఊడితే వాళ్ళనెవరు పంపిస్తారు?"

"తప్పేనండీ. ఇంకెప్పుడూ దాన్ని ముట్టుకోను."

మాట నిలబెట్టుకున్నాడు. ప్రింటరు ఆగలేదు. ఫోను మోగలేదు. యలమందయ్యగారు మిషన్ని మెచ్చుకున్నారు. రెబ్కాకి మాత్రం ఏ పనీ తోచలేదు. కోపం ఎప్పుడు పోయిందో కూడా తెలీలేదు.

ఓ సాయంత్రం చినుకులు మొదలయ్యాయి. గొడుగైనా లేకుండా గోడౌనుకి నడిచింది.

ఆమెని చూసి సంజీవరావు చేతులు రెండూ పైకెత్తాడు. "ఒట్టండీ! ముట్టుకోలేదు! ప్రింటరు శుభ్రంగా పనిచేస్తోంది!"

"నేను ప్రింటరు కోసం రాలేదు."

అతని చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి.

"ఆదివారం మా నాన్న వస్తున్నారు. చర్చి అయ్యాక మీరు ఖాళీయేనా?"

"ఖాళీయేనండీ! ఈ ఆదివారమే కాదు, అన్ని ఆదివారాలూ ఖాళీయే!"

బయట వానలో లారీ డ్రైవరు హారన్ మీద హారన్ కొట్టి అరిచాడు: "గుమాస్తాగారూ, ఆ చేతులు దించి నా పాసు ఇవ్వండయ్యా!"