గిరిధర్ ఏడ్చిన దృశ్యం

2081 నాటికి సినిమాను ఊరికే చూసేవాళ్లు లేరు. హాల్లో ప్రతి సీటుకూ తలకు ఆనే మెత్తని పట్టీ ఉండేది. దాని పేరు భావవాహిని. నటిస్తున్నప్పుడు నటుడి మెదడులో పుట్టిన ఉద్వేగాన్ని న్యూరల్ సెన్సార్లు నమోదు చేస్తే, ఆ పట్టీ దాన్ని ప్రేక్షకుడి మెదడుకు అందించేది.

విశాఖలో ఆడుతున్న ఆ సినిమా కథ అరిగిపోయినదే. విలన్ కూతుర్ని చంపుతాడు, తండ్రి పగ తీర్చుకుంటాడు. అయినా కూతురి శవం ముందు తండ్రి వేషంలో గిరిధర్ కూలబడగానే హాలంతా గుండెలు బాదుకునేది. నవ్వుమొహంతో అందరికీ ఇంటిమనిషిలా అనిపించే ఆ హీరో ఒక్కడే సినిమాను నిలబెట్టాడు.

భావవాహినిని కనిపెట్టిన డాక్టర్ హైమవతి ఆ రికార్డింగును పరీక్షించి నిర్ఘాంతపోయింది. ఎంత లీనమైన నటుడిలోనైనా ‘ఇది నటన’ అన్న ఎరుక తాలూకు సన్నని తరంగం ఉంటుంది. ఇందులో అది లేదు. గిరిధర్‌ను ల్యాబ్‌కు పిలిపించింది.

“ఆ రోజు ఏం జరిగింది?”

“షాట్‌కి ముందు ఆ నిర్మాత భుజంగరావు నా చెవిలో చెప్పాడు మేడమ్, మా పాప మేఘన లారీ కింద పడి చచ్చిపోయిందని. కట్ చెప్పాక నవ్వుతున్నాడు! ‘ఏం లేదయ్యా, పాప ఇంట్లోనే ఉంది, సీన్ పండాలని అన్నాను’ అంటాడు. ఈ సంగతి టీవీలో చెప్పాను. చెప్పాక జనం ఇంకా ఎగబడుతున్నారు, నిజం ఏడుపట కదా అని! తీసేయండి ఆ రికార్డింగును.”

హైమవతికి తన యంత్రం మీదే అసహ్యం వేసింది. “తీసేస్తే భుజంగరావు ఇంకో కాపీ పెడతాడు. మీకిప్పుడు రగులుతున్నదే ఆ జనానికి పంపుదాం,” అంటూ అతని తలకు సెన్సార్లు బిగించింది.

ఆదివారం మ్యాట్నీలో ఆ దృశ్యం వచ్చేసరికి దుఃఖానికి బదులు కోపం ప్రవహించింది. జనం పళ్లు కొరికారు, సీట్లను గుద్దారు. సిగ్గుతో తలలు దించుకుని వస్తారని గిరిధర్ గుమ్మంలో నిలబడ్డాడు.

“అన్నా, ఒళ్లు మండిపోయిందన్నా!” అంటూ జనం సంబరంగా చుట్టుముట్టారు.

“ఆ కోపం మీ మీదేరా! నా బిడ్డ చచ్చిందని నేనేడిస్తే మీకు వేడుకా? సిగ్గు లేదూ?”

వెంటనే ఈలలు. అతన్ని అమాంతం భుజాలకెత్తుకున్నారు. దించమని అరుస్తూ గిరిధర్ అందినవాణ్ణల్లా కొట్టాడు. దెబ్బ తిన్న ఒకడు చెంప తడుముకుంటూ పక్కవాడితో అన్నాడు, “పట్టీ లేకుండానే ఎంత బాగా చేస్తున్నాడ్రా!”