జవాబు చెప్పినవారి పేరు

"ఇంట్రెస్ట్ లేదని మీ సారే చెప్పిన్రు కద మేడమ్!"

ఫోనులో ఆ మాట వినగానే కమలాదేవి చేతిలోని గరిటె అలాగే ఆగిపోయింది. పొయ్యి మీద పోపు మాడి, పొగ కమ్మేస్తోంది... ఆమెకు దగ్గు కూడా రాలేదు. మాట్లాడుతున్నది స్కూలు ఆఫీసులో పనిచేసే మెహర్ సుల్తానా. హైదరాబాదు అమ్మాయి. లెక్కల టీచరు ఉద్యోగానికి అర్జీ పెట్టి, మూడు వారాలు ఎదురుచూసి, ఇంటర్వ్యూ ఎప్పుడో కనుక్కుందామని ఆ గురువారం పొద్దున ధైర్యం చేసి కమలాదేవే ఫోన్ చేసింది.

"మా... మావారా? ఎప్పుడు చెప్పారమ్మా?"

"పోయిన ఆదివారం. ఇంటర్వ్యూకు రమ్మని నేనే చేసిన. 'మా మిసెస్‌కు ఇంట్రెస్ట్ లేదు, ఊరికే అప్లై చేసింది' అన్నరు. ఇప్పుడు వేరే మేడమ్‌ను తీసుకున్నరు. ఏం చెయ్యాలె మేడమ్? మీరు ఫారంల ఇచ్చిన నెంబరుకే చేసిన!"

ఫారంలో ఇచ్చిన నెంబరు! అవును... ఇచ్చింది తనే. ఇరవై రెండేళ్లుగా దోహాలో గ్యాస్ సిలిండరుకీ, ఆసుపత్రి చీటీకీ, కూతురు అపూర్వ స్కూలు డైరీకీ ఏ ఫారం నింపినా ఆమె చెయ్యి దానంతటదే భర్త కృష్ణప్రసాద్ నెంబరు రాసేస్తుంది. తన ఉద్యోగానికి తాను పెట్టుకున్న అర్జీలో కూడా అదే రాసింది! ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ లెక్కలు ఫస్టుక్లాసులో ప్యాసైన మనిషి! ఎవరినని ఏం లాభం? తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. మూడు వారాలుగా ఆయన ఆఫీసుకి వెళ్లాక, తొమ్మిదో తరగతి పుస్తకం తెరిచి, ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతాలతో కాగితాలు అంటించి, ఎదురుగా పిల్లలున్నట్టే పాఠం చెప్పుకుంది. అలా చెబుతుంటే ఇన్నేళ్ల తరవాత తన గొంతు తనకే ఎంత బావుందో! ఇప్పుడు ఆ ఫ్రిజ్ వైపు చూడాలంటే సిగ్గేసింది. మాడిన పోపు సింకులో ఒంపేసి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో తనివితీరా ఏడ్చింది.

సాయంత్రం నాలుగింటికి కృష్ణప్రసాద్ వచ్చాడు. ఒక కాంట్రాక్టు కంపెనీలో ప్లానింగ్ ఇంజినీరు. చెడ్డవాడు కాదు... ఆ మాట ముందే చెప్పేయాలి. తాగడు, కేకలెయ్యడు, భార్యకి కాలు నొప్పంటే తనే టైగర్ బామ్ రాస్తాడు. అయితే ఆయనకో రోగం ఉంది. ఎదుటివాళ్లు నోరు తెరిచేలోపు వాళ్ల జవాబు తనే చెప్పేస్తాడు. హోటల్లో "మా ఆవిడకి ఇడ్లీ", ఫోనులో "కమల బావుంది, పడుకుంది". ఆవిడేమో పక్కనే కూర్చుని దోసె తినాలని ఉందని అనుకుంటూ ఉంటుంది.

"స్కూలు వాళ్లు ఫోన్ చేశారటగా?" అంది కమలాదేవి, కాఫీ గ్లాసు బల్లమీద పెట్టి.

"ఆఁ... చేశారు. చెప్పేశాలే." ఆయన బూట్లు విప్పుకుంటున్నాడు.

"ఏమని?"

"ఏవిటే ఆ ముఖం? నీ మోకాళ్లతో ఆ మెట్లెక్కి దిగగలవా? పొద్దున ఐదింటికే బస్సట! అయినా మనకేం తక్కువ కమలా? ఏదో సరదాకి అప్లై చేశావనుకున్నాను."

"నన్నొక్క మాట అడగాలి కదండీ..."

"నిన్నడిగేదేవిటి? నువ్వేమంటావో నాకు తెలియదా?"

అంతే! ఇరవై రెండేళ్ల కాపురం ఆ ఒక్క మాటలో తేలిపోయింది. ఎన్నో అనాలనుకుంది. మధ్యాహ్నమంతా వరస పెట్టి మనసులో పేర్చుకుంది కూడా. ఒక్కటీ పెదవి దాటలేదు. "పోపు మాడింది, మళ్లీ చారు పెడతాను" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ చారులో రెండుసార్లు ఉప్పు పడింది. ఆయన మారు మాట్లాడకుండా తాగేశాడు. అది చూసి ఆమెకు మరింత ఒళ్లు మండింది.

మర్నాడు శుక్రవారం. కృష్ణప్రసాద్ భోంచేసి కునుకు తీస్తున్నాడు. అపూర్వ హాలంతా కాగితాలు పరిచేసింది. పిల్ల చదువైపోయి ఎనిమిది నెలలుగా ఒక పరిశోధన కేంద్రంలో కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. దోహాకి వలసవచ్చిన కొరియావాళ్లూ, యూరపు మూలాలున్న తెల్లవాళ్లూ ఆర్థికంగా ఎవరు ఎంత కులాసాగా ఉన్నారో పోల్చి చూడడం ఆ పని. ఇల్లిల్లూ తిరిగి నలభై కొరియా ఇళ్లలో, నలభై తెల్లవాళ్ల ఇళ్లలో ఫారాలు నింపింది. ఆదివారం రిపోర్టు ఇవ్వాలి.

"అమ్మా, కూడికలు ఒకసారి చూడవూ? రిజల్టు మాత్రం సూపరమ్మా! జీతాల్లో తెల్లవాళ్లే కొంచెం ఎక్కువ గానీ, 'మీ కుటుంబ పరిస్థితి మీకు సంతృప్తిగా ఉందా' అన్న దగ్గర కొరియావాళ్లే గెలిచారు. దాదాపు అందరూ ఐదుకి ఐదు! మా బాస్ ఎగిరి గంతేశాడు."

"మీ నాన్నగారి ముందు అనకు ఆ మాట," అంది కమలాదేవి. ఆయన ఆఫీసులో ఒకే పని చేసేవాళ్లు ముగ్గురు. తెల్లాయనకి విల్లా, కొరియాయనకి అపార్ట్‌మెంటు, ఈయనకి అద్దెలో సగానికి కూడా చాలని అలవెన్సు. ఓల్డ్ ఎయిర్‌పోర్టు ప్రాంతంలో ఒక విల్లాని నాలుగు వాటాలు చేస్తే, అందులో ఒక వాటాలో ఉంటున్నారు వీళ్లు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకి అన్నం సయించదు.

కూడికల్లో తప్పేమీ లేదు. కానీ లెక్కల మనిషి కళ్లు ఊరుకుంటాయా? ప్రతి ఫారం పైనా ఒక గడి ఉంది. 'జవాబు చెప్పినవారి పేరు', పక్కనే ఆడా మగా అన్న గుర్తు. కమలాదేవి ఒక్కొక్కటీ తిరగేసింది. మళ్లీ మొదటినుంచి చూసింది.

"అమ్మలూ... ఈ కొరియా ఫారాలన్నీ మగవాళ్ల పేర్లతోనే ఉన్నాయేవిటే? నలభైకి నలభై! తెల్లవాళ్లవి చూడు, సగానికి పైగా ఆడవాళ్లే."

అపూర్వ తలెత్తింది. "అంటే... తెల్లవాళ్లింట్లో ఎవరు తలుపు తీస్తే వాళ్లనే అడిగేశాను. కొరియావాళ్లింటికి వెళితే ఆవిడ తలుపు తీసి, నవ్వి, లోపలికి చూస్తుంది. నేనే 'సార్ ఉన్నారా?' అనేదాన్ని. అది మర్యాద కదమ్మా!"

"మరి తెల్లవాళ్లకి ఆ మర్యాద ఎందుకు చెయ్యలేదు?"

"వాళ్లు వేరు కదా... కొరియావాళ్లు మనలాగే ఉంటారు. మనింట్లో కూడా ఎవరేం అడిగినా నాన్నగారే కదా చెప్తారు!"

కమలాదేవి చేతిలోని కాగితాలు కింద పెట్టేసింది. ఎవరు నేర్పారు ఈ పిల్లకి ఈ మర్యాద? పుట్టినప్పటినుంచి ఈ ఇంట్లో చూసి నేర్చుకుంది! తలుపు తీసి, నవ్వి, లోపలికి చూసే ఆ ఆడమనిషిని తన తల్లిలోనే చూసింది మరి! "తప్పు నీది కాదులే..." అనబోయి ఆగిపోయింది. "ఒక్క ఇంటికి వెళ్లొద్దాం. ఆవిడనే అడుగు. నేనూ వస్తాను," అంది చివరికి.

"అమ్మా! ఇది తప్పని తేలితే నలభై ఇళ్లూ మళ్లీ తిరగాలి. నా కాంట్రాక్టు రెన్యువల్ ఏమవుతుందో!"

"తప్పు లెక్కకి మార్కులు తెచ్చుకుంటావా?"

సాయంత్రపు అసరు నమాజు వేళకి టాక్సీలో అల్ సద్ద్‌లో ఒక కొరియావాళ్ల అపార్ట్‌మెంటుకి వెళ్లారు. ఇంటావిడ పేరు ఉన్‌జూ. ఫారంలో లేదు ఆ పేరు, అడిగితే చెప్పింది. తలుపు తీసి, నవ్వి, అలవాటు ప్రకారం "హస్బెండ్... సైట్" అంది. వేయించిన బార్లీ గింజలతో కాచిన టీ ఇచ్చింది. అపూర్వ కొత్త ఫారం తీసి ఇంగ్లీషులో ఒక్కొక్క మాటా నిదానంగా అడిగింది. మీ కుటుంబ పరిస్థితి సంతృప్తిగా ఉందా?

ఉన్‌జూ కప్పు కింద పెట్టింది. "ఫ్యామిలీ... యెస్," అంది. వేలితో తన గుండెల మీద తట్టుకుంది. "మీ... నో," అంది, తనకి మాత్రం లేదన్నట్టు.

ఆ తరవాత లోపలికి వెళ్లి ఒక ఫైలు తెచ్చింది. కొరియాలోని పుసాన్‌లో పదకొండేళ్లు మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేసిన కాగితాలు. ప్లాస్టిక్ కవరు మీద మడతలు పడి తెల్లబడ్డాయి. ఆవిడకి ఇంగ్లీషు చాల్లేదు, కమలాదేవికి కొరియన్ రాదు. అయినా ఒకరి మాట ఒకరికి బాగానే అర్థమైంది. వచ్చేటప్పుడు ఉన్‌జూ ఫారం మీద గడిని చూపించి, తన పేరు తనే రాస్తానంది. కొరియన్‌లో, ఇంటిపేరుతో కలిపి మూడు అక్షరాలు రాసి, కాసేపు వాటిని చూసుకుంది. కమలాదేవి ముఖం పక్కకి తిప్పుకుంది. పరాయి మనిషి ముందు ఎంతని ఏడుస్తుంది!

ఇంటికి వచ్చేసరికి ఏడు కావస్తోంది. కృష్ణప్రసాద్ సోఫాలో టీవీ ముందున్నాడు. అపూర్వ కాళ్లు కడుక్కుని వచ్చి, తల్లిని భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఒక ఖాళీ ఫారం తీసింది.

"ఇదెందుకే? మనం కొరియా వాళ్లమా, తెల్లవాళ్లమా?"

"నాకోసం అమ్మా. అడగడం నేర్చుకుంటున్నాను. జవాబు చెప్పినవారి పేరు, కమలాదేవి. మీ కుటుంబ పరిస్థితి మీకు సంతృప్తిగా ఉందా? ఐదుకి ఎంత?"

"నాలుగేసుకో," అన్నాడు కృష్ణప్రసాద్ టీవీలోంచి కళ్లు తిప్పకుండా. "మీ అమ్మ నాలుగే అంటుంది."

"నాన్నా, ఇది మీ ఫారం కాదు!"

"ఒకటి," అంది కమలాదేవి.

టీవీలో ఎవరో నవ్వుతున్నారు. కృష్ణప్రసాద్ రిమోటు కోసం తడుముకుని దాన్ని ఆపేశాడు. "ఒకటా?... ఏం తక్కువ చేశానే నీకు?"

"ఏమీ తక్కువ చెయ్యలేదండీ! అదే కదా నా ఏడుపు! తక్కువ చేస్తే నలుగురికి చెప్పుకుని ఏడ్చేదాన్ని!" ఎన్నేళ్లనుంచి ఆగిందో ఆ గొంతు, ఒక్కసారిగా పగిలింది. "పోయిన నెల మీటింగులో మీ తెల్ల మేనేజరు ఏమన్నాడు? 'శనివారాలు ప్రసాద్ వస్తాడు, అతనికేం అభ్యంతరం ఉండదు' అన్నాడు. ఎదురుగా కూర్చున్న మిమ్మల్ని అడగనైనా అడగలేదని మూడు రోజులు ముద్ద మింగలేదు మీరు! 'నేను మనిషిని కానా కమలా' అని నా ఒళ్లో తలపెట్టుకుని ఏడ్చారు. మీ తల నిమిరాను కదండీ నేను! మీకు తెలుసు... ఆ బాధ ఎలా ఉంటుందో మీకు తెలుసు! తెలిసి తెలిసి అదే మాట నా తరఫున మీరెలా చెప్పారండీ?..."

కృష్ణప్రసాద్ ముఖం పాలిపోయింది. లేచి, ఫోను అందుకున్నాడు. "నాదే పొరపాటు... పొద్దున్నే స్కూలుకి నేనే ఫోన్ చేసి—"

"వద్దు! మళ్లీ మీరే మాట్లాడతారా?"

ఆయన ఫోను బల్లమీద బోర్లా పెట్టి, ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. కళ్లనిండా నీళ్లు. "ఏం చెయ్యను మరి? నువ్వే చెప్పు," అన్నాడు. పెళ్లయ్యాక ఆ మాట ఆయన నోట వినడం ఆమెకి అదే మొదలు!

"ఆ ఉద్యోగం పోయింది. ఇంకెవరికో ఇచ్చేశారు," అంది కమలాదేవి పైట చెంగుతో ముఖం తుడుచుకుంటూ. "సెలవుల తరవాత మళ్లీ తీసుకుంటారేమో... ఇస్తారో ఇవ్వరో! ఆదివారం నేనే వెళ్లి అర్జీ ఇచ్చి వస్తాను."

అపూర్వ స్కూలు ఫారం ప్రింటు తీసి తల్లి ముందు పెట్టింది. తరవాత లాప్‌టాప్ తెరిచి బాస్‌కి మెయిలు మొదలుపెట్టింది. నలభై ఫారాలు తప్పుగా నింపాననీ, మళ్లీ వెళ్లడానికి రెండు వారాలు గడువు కావాలనీ. పిల్ల ముఖంలో భయం ఉంది, అయినా టైపు చేస్తూనే ఉంది.

కమలాదేవి పేరు రాసింది. చదువు రాసింది. ఫోన్ నెంబరు దగ్గరికి రాగానే పెన్ను గబగబా నడిచింది. నాలుగంకెలు పడ్డాక ఉలిక్కిపడి ఆగింది. మళ్లీ ఆయన నెంబరే! ఛీ, ఈ చెయ్యి మారదా? గట్టిగా కొట్టేసింది. తన నెంబరు రాద్దామంటే గుర్తుకు రావడం లేదు... ఎవరికిచ్చింది గనక! తన నెంబరు తనకే రాదని తెలిసి ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"నా ఫోనెక్కడుందే అపూర్వా? నెంబరు చూసి—"

"ఐదు..." అన్నాడు కృష్ణప్రసాద్.

ఆమె తలెత్తి చూసింది. రోజూ ఆఫీసులోంచి మధ్యాహ్నం పన్నెండింటికి 'తిన్నావా' అని అడగడానికి ఆయన నొక్కే నెంబరు! పేరు వెతుక్కోకుండా, వేళ్లకే అలవాటైపోయిన నెంబరు!

"చెప్పనా?" అని అడిగాడు ఆయన. అడిగి, ఆగాడు.

"చెప్పండి," అంది కమలాదేవి.

ఒక్కో అంకే నిదానంగా చెప్పాడు. ఒక్కో అంకే ఆమె రాసుకుంది. కమలాదేవి తను రాసినదాన్ని పైకి ఒకసారి చదివి సరిచూసుకుని, కింద సంతకం పెట్టింది.