చివరి ఫ్లాట్లో ఏడుపు

పుప్పాలగూడలోని ఆ అపార్ట్‌మెంట్లో ఐదో అంతస్తు చివరి ఫ్లాటుకి మంచి పేరు లేదు. ఎన్నాళ్ళుగానో ఖాళీ. రాత్రయితే లోపల ఎవరో గోళ్ళతో తలుపు గీకుతారట... ఆ తర్వాత ఏడుపు. మగగొంతు. డెలివరీ కుర్రాళ్ళు కూడా లిఫ్టు దగ్గరే పొట్లం పెట్టేసి పరుగు తీసేవాళ్ళు.

ప్రేమలో ఓడిపోయినవాడి ఆత్మ అయి ఉంటుందని అదే అంతస్తులో ఉండే నీహారిక ఊహ. జాలిపడేది. కానీ పగటిపూట మాత్రమే!

రాత్రిపూట ఆ తలుపు దాటక ఆమెకి తప్పదు. బూంది ఉంది కదా మరి. రోడ్డు మీద దెబ్బలు తిన్న కుక్క అది. మనుషులంటే భయం పోయి ఎవరైనా పెంచుకునేదాకా చూసుకోమని రెస్క్యూ వాళ్ళు ఆమెకి అప్పగించారు. దానికి కుక్కర్ కూసినా వణుకే, లిఫ్టన్నా వణుకే. అందుకే అందరూ పడుకున్నాక మెట్ల మీదుగా షికారు. ఆ మెట్లేమో... సరిగ్గా ఆ ఫ్లాటు పక్కనే.

ఇంతలో నోటీసు పడింది — ఆదివారంలోగా కుక్కని పంపెయ్యాలని.

"ఒక్క నెల ఆగండి అంకుల్. ఇప్పుడు షెల్టర్‌కి పోతే మళ్ళీ మూలకి చేరి ముద్ద ముట్టదు."

"కుక్కలకీ నాకూ పడదమ్మా," అన్నారు అసోసియేషన్ ప్రెసిడెంటు రామ్మోహనరావుగారు, ప్యాంటుకంటిన వెంట్రుకలేవో దులుపుకుంటూ.

శనివారం రాత్రి. ఆఖరి షికారు. తిరిగొస్తుంటే వాచ్‌మన్ మల్లయ్య గుసగుసగా అన్నాడు — "జర పైలం బిడ్డా... నిన్న గూడ ఏడ్చింది."

ఐదో అంతస్తు. లైటు లేదు.

గర్ర్... గర్ర్...

నీహారిక బూందిని గుండెకి హత్తుకోబోయింది. అదేమో — కుక్కర్ కూతకే వణికే బూంది — తోక ఊపుతోంది! తలుపు సందులో ముక్కు పెట్టి, ఒక్క తోపు తోసింది.

తలుపు... తెరుచుకుంది.

చీకట్లో తెల్లటి ఆకారం! నీహారిక కేక పెట్టబోయింది.

"ష్... అరవకమ్మా, నేనే!"

తెల్ల లుంగీ, తెల్ల బనీను, చేతిలో పెరుగన్నం గిన్నె — రామ్మోహనరావుగారు. కాళ్ళ దగ్గర కట్టు కట్టిన కుక్కపిల్ల ఒకటి.

"మీరూనా అంకుల్?"

"మా ఆవిడ కనకలక్ష్మికి తెలిస్తే నన్నూ బయట కట్టేస్తుంది. ఆ నోటీసు పెట్టించింది కూడా తనే. ఈ ఫ్లాటు తాళం నా దగ్గరుంటుంది... దయ్యం పుకారు నేనే పుట్టించాను."

"మరి ఆ ఏడుపు?"

ఆయన గిన్నె కింద పెట్టారు.

"అది పుకారు కాదమ్మా... ఇంతకుముందు సాకినదాన్ని లింగంపల్లి వాళ్ళకి దత్తత ఇచ్చేశాను. కారెక్కి, వెనక్కి కూడా చూడలేదు."

తెల్లారేసరికి నోటీసు లేదు. గాలికి ఊడిపోయిందన్నారు ప్రెసిడెంటుగారు.

నెల తిరిగేలోపు బూంది కొత్తవాళ్ళ చేతిముద్ద తింది, లిఫ్టెక్కింది, బోరబండలో ఒక ఇంటి బిడ్డయింది. నవ్వుతూనే సాగనంపింది నీహారిక.

ఆ రాత్రి మల్లయ్య ఐదో అంతస్తుకి పోనే లేదు, కింది మెట్ల మీంచే విని దిగిపోయాడు. పొద్దున్నే అందరికీ చెప్పాడు —

"గా ఫ్లాట్ల ఇగ ఆడదయ్యం గూడ చేరింది సారూ... ఇద్దరూ కూసోని ఒకటే ఏడుపు!"